చిరగని పేగుతో ఏం నేర్చుకుంటారు?

మా అక్క కూతురు సర్జరీలో పీజీ చేస్తోంది. రెండేళ్ల కిందట, నవంబరులో ఒక ఆదివారం పొద్దున, తిరుపతి బైరాగిపట్టెడలో నా షాపుకి వచ్చి కూర్చుని, కాఫీ తాగి, "మామా, నాకొక పేగు కావాల" అంది. షాపంటే పెద్దదేమీ కాదు. మూడు త్రీడీ ప్రింటర్లు, ఒక ల్యాప్‌టాప్, కరెంటు పోతే ప్రింటు మధ్యలో ఆగకుండా ఒక ఇన్వర్టర్. ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులకి గేర్లు, డబ్బాలు, కొండకొచ్చినవాళ్లు కొనుక్కునే శంఖుచక్రాల కీచైన్లు, అప్పుడప్పుడూ ఎవరింట్లోనో విరిగిన మిక్సీ మూత పిడి, వీటి మీదే నడుస్తోంది. పేగు అడిగినవాళ్లు మాత్రం అప్పటిదాకా లేరు. "ఎంత సైజు?" అన్నాను, రోజూ పేగులు అమ్మేవాడిలా.

కోసిన పేగు కొసలు రెండూ మళ్లీ కలిపి కుట్టడాన్ని వాళ్లు అనాస్టమోసిస్ అంటారు. అది చేతికి పట్టుబడాలంటే పదుల సార్లు కుట్టాలి. ఆపరేషన్ థియేటర్లో పెద్ద డాక్టరు పక్కన నిలబడి, కోసిన చోటుని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోవడంతోనే చాలా కాలం గడిచిపోతుంది, తీరా తనకి కుట్టే వంతు వచ్చేసరికి బల్ల మీద ఉన్నది మనిషి. అందుకే ముందు బొమ్మ మీద కుట్టాలంటారు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ బొమ్మ ఎట్లా ఉండాలన్న దగ్గరే నాకు పేచీ.

నా దగ్గర టీపీయూ ఉంది. ఫోన్ల వెనక కవర్లు చేసే మెత్తటి ప్లాస్టిక్కే, ప్రింటరుకి సరిపడే తీగగా చుట్టలో వస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల గోడ, లేత గులాబీ రంగు పెట్టుకున్నాను. బయట వానలు. టీపీయూ గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ పట్టిన తీగ, ప్రింటరు మూతి అదే నాజిల్ వేడికి చిటపటలాడుతూ సాలెగూడులాంటి పోగులు వదులుతుంది, అందుకని చుట్టని ఒక పూటంతా 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మరీ ప్రింట్ చేశాను. నిజం చెప్పొద్దూ, చాలా బాగా వచ్చింది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా పెద్దమ్మ "అబ్బా, చూసేదానికే కడుపులో తిప్పతా ఉండాది" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?

వారం తర్వాత మేనకోడలు దాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పడేసింది. వంగిపోయిన సూది అందులోనే ఉంది.

"ఏంది మామా ఇది, హవాయి చెప్పు కుట్టినట్టుండాది. సూది దిగేదానికే లేదు."

అప్పుడు కూర్చుని లెక్కలు చూశాను, ముందే చూడాల్సింది. ఈ మెత్తటి ప్లాస్టిక్‌లకి షోర్ హార్డ్‌నెస్ అని ఒక నంబరు ఇస్తారు, చిన్న మొనని పదార్థం మీద నొక్కి అది ఎంత లోపలికి దిగుతుందో కొలిచే నంబరు, ఎంత ఎక్కువైతే అంత గట్టి. బజార్లో మామూలుగా దొరికే టీపీయూ షోర్ ఏ 95. వెతికితే 85 దొరుకుతుంది. అంతకన్నా మెత్తటి తీగని నాలాంటి మామూలు ప్రింటరుతో నడపడం నరకం, తడి దారాన్ని సూది బెజ్జంలోకి తోసినట్టు, తీగని తోసే గేరుకీ నాజిల్‌కీ మధ్యే అది మడత పడిపోతుంది. సరే, ఆ 85 తీగనే తీసుకుందాం. సాగదీస్తే అది ఎదురుతిరిగే బలం సుమారు 12 మెగాపాస్కల్ ఉంటుంది, అంటే 12,000 కిలోపాస్కల్. ఇక మనిషి కాలేయం సంగతి: లివర్ గట్టిపడిందా లేదా చూసే ఫైబ్రోస్కాన్ రిపోర్టు ఎవరింట్లోనైనా ఉంటే తీసి చూడండి, ఆరోగ్యంగా ఉన్నదానికి 7 కిలోపాస్కల్ లోపే చూపిస్తుంది, 12 దాటితే డాక్టరు మొహం మారుతుంది. 12 ఎక్కడ, 12,000 ఎక్కడ! పేగుదీ కాలేయందీ ఒకే మెత్తదనం కాదు, ఒప్పుకుంటాను, అయినా నేను "మెత్తటి పేగు" అని ఇచ్చింది ఏ లోకపు వస్తువో దీంతో తెలిసిపోయింది.

కొంచెం డబ్బున్నవాళ్లు, ద్రవాన్ని వెలుగుతో గట్టిపరిచే రెసిన్ ప్రింటర్లకి పోతారు. అక్కడ షోర్ ఏ 50, 40, బాగా ఖరీదైన యంత్రాల్లో 30 దాకా దిగుతారు. స్ట్రాటసిస్ కంపెనీ 2019లో శరీర భాగాల బొమ్మల కోసమే ఒక ప్రింటరు తెచ్చింది, ఎముకకి ఒక పదార్థం, కండకి ఒకటి, రక్తనాళాల్లో నింపడానికి ఇంకొకటి, అన్నీ ఒకే ప్రింటులో కలిపి ఇస్తుంది. చూడముచ్చటైన పనే. మా వీధి మొత్తం అమ్మినా ఆ యంత్రం రాదు కాబట్టి దాని గురించి ఇంతటితో ఆపుతాను. ఇంకో దారి అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లది. నిజంగా మెత్తటి జెల్‌ని గాల్లో ప్రింట్ చేస్తే కూలిపోతుందని, జెలటిన్ తొట్టిలో లోపలే గీస్తారు, గీయడం అయ్యాక తొట్టిని 37 డిగ్రీలకి వేడి చేస్తే చుట్టూ ఉన్న జెలటిన్ కరిగిపోయి బొమ్మ మిగులుతుంది. 2015లో ఆ పద్ధతి చెప్పారు, 2020లో సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో మనిషి గుండె అంత గుండెనే గీసి చూపించారు. చదివినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. కానీ నా మేనకోడలికి వారానికి పది పేగులు కావాలి.

దాంతో నేను ప్రింట్ చేయాల్సింది పేగుని కాదు, పేగు అచ్చుని అని తెలిసింది. అచ్చు గట్టి ప్లాస్టిక్‌తో వస్తే చాలు, మామూలు పీఎల్‌ఏ సరిపోతుంది, అందులో ఏ మెత్తటిదైనా పోసుకోవచ్చు. మా జేజమ్మ కజ్జికాయల చెక్కకి ఉన్న తెలివే ఇది, నాకు రావడానికి మూడు నెలలు పట్టింది.

మొదట సిలికాన్ పోశాను. ఏ, బీ అని రెండు సీసాలు, సమానంగా కలపాలి, కలిపిన కాసేపటికే గడ్డకట్టడం మొదలవుతుంది. మొదటి విడత గడ్డే కట్టలేదు. మూడు రోజులు చూశాను, జిగటగా మైసూర్‌పాక్ చెడిపోయినట్టు. కారణం ఏంటా అని చూస్తే నా చేతికున్న తొడుగులు! లాటెక్స్ తొడుగుల్లోని గంధకం తగిలితే ప్లాటినంతో గట్టిపడే సిలికాన్ అక్కడ పచ్చిగానే ఉండిపోతుంది. రెసిన్ ప్రింటరుతో చేసిన అచ్చులో పోసినా అదే గతి, రెసిన్ పూర్తిగా ఆరకపోతే. నైట్రైల్ తొడుగులు కొన్నాక రెండో విడత దివ్యంగా వచ్చింది. సిలికాన్ నూనె కొంచెం కలిపి ఇంకా మెత్తగా చేశాను. మేనకోడలు కుట్టింది, సూది సాఫీగా దిగింది, పన్నెండు కుట్లు వేసి, చూడ్డానికి కుట్టుమిషన్ మీద కుట్టినట్టు ఉన్న ఫొటో పంపింది.

నేను ఇక అయిపోయిందనుకున్నాను. అయితే ఆ పేగుని వాళ్ల సారు చేతిలోకి తీసుకుని, ఒక కుట్టు వేసి, ముడిని కావాలనే గట్టిగా, ఇంకా గట్టిగా బిగించారట. ఏమీ కాలేదు. "నిజం పేగైతే ఈపాటికి దారం కోసుకుని బయటికొచ్చేది. దీని మీద నేర్చుకుంటే నీకు తెలియకుండానే ముడి బిగించే అలవాటు వస్తుంది, తర్వాత ఆ అలవాటు పోగొట్టడం నా వల్ల కాదు" అన్నారట.

ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది. సూది దిగని టీపీయూ పేగు పనికిరాదని మొదటి కుట్టుకే తెలిసిపోతుంది, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ సిలికాన్ పేగు ఏం చేసినా ఊరుకుంటుంది. ఎంత లాగినా సాగుతుంది, ఎంత బిగించినా భరిస్తుంది, పొరపాటున రెండుసార్లు పొడిస్తే ఆ బెజ్జం కూడా మూసుకుపోతుంది. గారాబం చేసే అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లాడిలా తయారవుతారు దాని మీద నేర్చుకున్నవాళ్లు. నా వాదన ఇక్కడ మొదలవుతుంది: బొమ్మ తప్పుని పట్టించాలి. చిరగాల్సిన చోట చిరగాలి, కారాల్సిన చోట కారాలి. రంగూ రూపూ ఆ తర్వాత. ఈ వరసని తలకిందులు చేసి, ఫొటోలో అచ్చం మనిషి పేగులా ఉందని మురిసిపోయి, దానికి "రియలిస్టిక్" అని పేరు పెట్టి అమ్ముతున్నారు. మొదటి నెలలో నేనూ అదే పని చేశాను కాబట్టి ఎవరినీ పెద్దగా తిట్టే హక్కు నాకు లేదు.

పేగు గోడ ఒకే పొర కాదు. లోపల మెత్తటి పొర, దాని బయట సబ్‌మ్యూకోసా అనే పలచని, గట్టి పొర, ఆ పైన కండరం, పైన పట్టులాంటి కవరు. కుట్టుని నిజంగా పట్టి ఉంచేది ఆ సబ్‌మ్యూకోసానే అని హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ 1887లోనే కుక్కల పేగుల మీద కుట్టి చూసి చెప్పాడు. సూది ఆ పొరని అందుకోకపోతే కుట్టు అప్పటికి బాగానే కనిపిస్తుంది, తర్వాత ఊడుతుంది. మరి నేను పోసిన సిలికాన్ గోడ పైనుంచి కిందిదాకా ఒకటే పదార్థం, సూది ఎక్కడ దిగినా ఒకటే ఫలితం, పట్టుకోవాల్సిన పొరే అందులో లేదు. పైగా శరీరంలోని కండ సాగే తీరు వేరు. అందులోని కొల్లాజెన్ పోగులు ముడతలు ముడతలుగా ఉంటాయి, మొదట్లో అవి విచ్చుకుంటున్నంతసేపూ తేలిగ్గా సాగుతుంది, అన్నీ సాపయ్యాక ఒక్కసారిగా బిగుస్తుంది. కుట్టేవాళ్ల వేళ్లకి అందే హెచ్చరిక ఆ బిగువే. హార్డ్‌నెస్ నంబర్లో ఇదేమీ ఉండదు, అది పైన నొక్కి చూసిన సంగతి మాత్రమే చెప్తుంది.

దీనికి నేను చేసింది చాలా నాటు పని. గాంధీ రోడ్డులో బట్టల షాపుకి పోయి ఓణీల కింద కుట్టే నెట్ గుడ్డ మీటరు తెచ్చి, సిలికాన్ రెండు పొరలుగా పోసి మధ్యలో నెట్ పెట్టాను. "ఏ రంగు బ్లౌజు మీదకి సార్?" అని అడిగాడు షాపతను, పేగు మీదకి అని ఎట్లా చెప్పేది. నెట్‌ని అందుకున్న కుట్టు నిలిచింది, అందుకోనిది కొంచెం తేడాగా లాగింది. తేడా తెలుస్తోంది కానీ చిరగడం మాత్రం లేదు. సిలికాన్ సిలికానే.

ఇక్కడ కొంచెం పక్కకి పోతాను. సుశ్రుతుడి పేరు మనవాళ్లు గర్వంగా ఫార్వర్డ్ చేస్తుంటారు, ప్లాస్టిక్ సర్జరీ మనమే కనిపెట్టాం అంటూ. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదో అధ్యాయం ఎంతమంది చదివారో తెలీదు, అది మొత్తం శిష్యుల ప్రాక్టీసు గురించే. కోత నేర్చుకోవడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోస. పొడిచి తెరవడానికి నీళ్లూ బురదా నింపిన తోలు సంచులు. గీకడానికి వెంట్రుకలున్న తోలు. సిర పొడవడానికి చచ్చిన జంతువుల సిరలు, కలువ తూళ్లు. లోపలున్నది పట్టి లాగడానికి పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు. కుట్టడానికి సన్నటి దట్టమైన బట్ట అంచులు, మెత్తటి తోలు. కట్టు కట్టడానికి మాత్రమే బట్టతో చేసిన మనిషి బొమ్మ. గమనించారా, ఒక్కో పనికి ఒక్కో పదార్థం, చేతికి ఆ పనిలో ఏం తగులుతుందో అది చూసి ఎంచుకున్నాడు. సొరకాయ ఏ వైపు నుంచి చూసినా మనిషిలా ఉండదు. మనిషి ఆకారం కావాల్సిన చోట, అంటే కట్టు దగ్గర, బొమ్మనే తెచ్చాడు. పైగా అన్నీ రోజూ దొరికేవి, పాడైతే పారేసేవి. గర్వపడాలంటే నాకైతే ఈ అధ్యాయం చాలు.

పారేయడం అన్నాను కదా, అది నా రెండో పేచీ. మెడికల్ కాలేజీల్లో, బొమ్మల మీద చేతిపని నేర్పే స్కిల్ ల్యాబ్ ఉండాలని 2019లో కొత్త సిలబస్‌తో పాటు నియమం వచ్చింది, మంచిదే. పేరెందుకు గానీ ఒక కాలేజీలో అచ్చు పనికని నన్ను పిలిస్తే వెళ్లాను. అద్దాల బీరువాలో కడుపు భాగం మొత్తం ఉన్న బొమ్మ, లక్షల్లో కొన్నారట, చర్మం మీద పుట్టుమచ్చ కూడా ఉంది. ఎవరైనా కుట్టారా అంటే, లేదండీ, కుడితే పాడైపోద్ది కదా, ఇన్‌స్పెక్షన్‌కి చూపించాలి అన్నారు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికి అరగంట పట్టింది. దసరాకి కొలువు తీర్చే తిరుపతి కొయ్యబొమ్మలని కూడా ఇంతకన్నా ఎక్కువ చేత్తో పట్టుకుంటారు. ఆ బొమ్మ చేసినవాళ్ల తప్పేం లేదు, పదార్థం మంచిదే అయ్యుంటుంది. కానీ పాడవుతుందన్న భయం పుట్టించే ధర ఉన్న బొమ్మ మీద ఎవరూ తప్పులు చేయరు, అందుకని నేర్చుకోరు కూడా.

"ఇంత కష్టం ఎందుకురా, ఆదివారం మటన్ షాపులో బోటి తెచ్చుకుంటే పోలా?" అన్నాడు మా బావ. న్యాయమైన ప్రశ్న. నేను చేసిన అన్నిటికన్నా మేక పేగు మేలు, కుట్టు కింద అదే నిజం, సబ్‌మ్యూకోసా దాంట్లోనే ఉంది. పీజీలు తెచ్చుకుంటారు కూడా. అరటి తొక్క మీద, కోడి చర్మం మీద కుట్టని మెడికో ఎవరున్నారు? కానీ హాస్టల్లో మధ్యాహ్నానికి వాసన, ముట్టుకోలేని శాకాహారం పిల్లలు, కడిగీ కడగక షాపు షాపుకీ మారే నాణ్యత. అన్నిటికన్నా ముఖ్యంగా, బోటిలో గడ్డ ఉండదు, వాపు ఉండదు, రేపటి కేసులో ఉండే ఇబ్బంది ఏదీ అందులో పెట్టలేం. అచ్చులో అయితే పెట్టొచ్చు. అందుకే నేను బోటికి పోటీ అనుకోవడం లేదు, బోటి ముందు రోజు పదిసార్లు కుట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలంటున్నాను.

ఆ ఏదో ఒకటి కోసం వంటింట్లోకి వచ్చాను. జెలటిన్ బాగా చిరుగుతుంది, ఉప్పు కలిపితే కరెంటు కూడా పోనిస్తుంది, కాబట్టి కరెంటుతో కండని కోసే కాటరీ పెట్టి కాల్చడం నేర్చుకోవచ్చు, సిలికాన్‌తో అది జరగని పని. కానీ జెలటిన్ 30 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది, మన ఊళ్లో మే నెలలో 40 దాటుతుంది. ఏసీ లేని గదిలో పెట్టిన పేగు సాయంత్రానికి పాయసం. చైనా గ్రాస్, అదే అగర్, వేడికి ఆగుతుంది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అయితే పెళుసు, సూది పెడితే బిళ్లలా విరుగుతుంది. చివరికి కుదిరింది పీవీఏ. జిగురుల్లో వాడే పాలీవినైల్ ఆల్కహాల్ పొడి. పదో వంతు పొడి, మిగతా నీళ్లు, 90 డిగ్రీల దగ్గర గిన్నెలో గిన్నె పెట్టి గంటన్నర కలియబెట్టాలి, అచ్చులో పోసి రాత్రంతా ఫ్రీజర్లో, పొద్దున బయట. ఒకసారి గడ్డకట్టి కరిగితే జున్నులా అవుతుంది. రెండోసారికి ఇంకొంచెం గట్టి. ఎన్నిసార్లు తిప్పితే అంత బిగువు, కాబట్టి ముసలాయన పేగూ కుర్రాడి పేగూ వేరు వేరుగా చేసుకోవచ్చు. మధ్య పొరకి మెడికల్ షాపు గాజ్ గుడ్డ పెట్టాను. గాజ్‌ని అందుకున్న కుట్టు నిలుస్తుంది, అందుకోనిది దారం బిగించగానే జున్నుని కోసినట్టు కోసుకుని వచ్చేస్తుంది. కుట్టడం అయ్యాక ఒక కొస నొక్కి పట్టి రెండో కొస నుంచి సిరంజితో రంగునీళ్లు ఎక్కిస్తే, కుట్లు ఎడంగా పడ్డ చోట బొట్టు బయటికొస్తుంది. సిలికాన్ పేగు ఒక్కోదానికి నాకు మూడు నాలుగు వందలు పడేది, దీనికి యాభై కూడా పడదు, చించి పారేసినా ప్రాణం ఉసూరుమనదు. చూడ్డానికి మాత్రం, ఏం చెప్పను, తెల్లగా, ఉడికించిన ముంజెలా ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒక్కరూ స్పందించలేదు.

మెత్తటి ప్రింటు ఎక్కడా వద్దని కాదు నేను చెప్పేది. పుట్టుకతో గుండెలో లోపమున్న పసిబిడ్డకి, సీటీ స్కాన్ నుంచి ఆ బిడ్డ గుండెనే తీసి, మెత్తటి రెసిన్‌లో ప్రింట్ చేసి, సర్జన్ ముందు రోజు దాన్ని కోసి లోపల ఏ గోడ ఎక్కడుందో చూసుకోవడం, అది వేరే సంగతి. అక్కడ కావాల్సింది ఒకే ఒక్క బొమ్మ, అందులో రూపమే ముఖ్యం, ఎంత ఖర్చయినా న్యాయమే. చిన్నపిల్లల గుండె ఆసుపత్రి 2021లో మన ఊళ్లోనే మొదలైంది కాబట్టి అలాంటి పని నా షాపు గడప తొక్కితే నేను రాత్రంతా కూర్చుని చేస్తాను. స్కాన్ నుంచి ఆకారం తీసే త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే, నేర్చుకోవడానికి ఓపిక కావాలి అంతే. చూసుకునే బొమ్మ, కుట్టుకునే బొమ్మ వేరు వేరు. రెండిటినీ ఒకే బిల్లులో కలిపి కొంటేనే బీరువా తాళాలు పుట్టుకొస్తాయి.

ప్రస్తుతం మా ఇంటి ఫ్రీజర్లో పై అర నాది, కింది అర మా ఆవిడ చేపలది. మా మధ్య ఒప్పందం అదీ. మొన్నొకసారి అరలు మారిపోయి పెద్ద గొడవే అయింది. మేనకోడలు ఇప్పుడు పిత్తాశయం అడుగుతోంది, లివర్‌కి అతుక్కుని ఉండాలట, జాగ్రత్తగా విడదీస్తే ఊడాలి, తొందరపడితే చిరిగి ఆకుపచ్చ నీళ్లు కారాలి. లివర్‌ని సిలికాన్‌తో చేద్దామంటే పీవీఏ పిత్తాశయం దానికి అతకదు, తడి సబ్బులా జారిపోతుంది. ఆ రెండిటి మధ్య గాజ్ గుడ్డని సగం సిలికాన్‌లో, సగం పీవీఏలో ముంచి చూస్తున్నాను. మూడో విడత నిన్న రాత్రి లోపల పెట్టాను. రెండో విడత గురించి పొద్దున వచ్చిన మెసేజ్ ఇదీ: "చిరిగింది మామా. కానీ చిరగాల్సిన చోట కాదు."